చిన్న చానెల్‌లో రెండు రంగు నీళ్ళు పక్కపక్కనే పోతున్నాయి, కలవడం లేదు. ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ప్రాజెక్టు కోసం పీడీఎంఎస్ అనే మెత్తటి సిలికాన్ రబ్బరుతో వై ఆకారపు చిప్ చేశారు. చానెల్ వెడల్పు 200 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లోతు 50 మైక్రాన్లు, పొడవు 3 సెంటీమీటర్లు. ఒక దారిలో ఎర్ర రంగు నీళ్ళు, ఇంకో దారిలో నీలం రంగు నీళ్ళు సిరంజి పంపుతో పంపుతున్నారు. రెండూ కలిపి నిమిషానికి 10 మైక్రోలీటర్లు. చివరిదాకా రెండు రంగులూ విడివిడిగానే పోతున్నాయి. కలుస్తాయేమోనని స్పీడు పెంచితే మధ్యలో గీత ఇంకా స్పష్టంగా కనిపించింది. పంపు ఆపేశాక కూడా ఒక నిమిషం పైనే ప్రవాహం ఆగలేదు. అంత చిన్న చోట నీళ్ళ స్వభావమే మారిపోతుందా, పుస్తకంలో చదివిన సమీకరణాలు అక్కడ పనికిరావా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. నీళ్ళ స్వభావం ఏమీ మారలేదు. 50 మైక్రాన్ల లోతులో కూడా అదే సాంద్రత, అదే స్నిగ్ధత, అదే తలతన్యత. ద్రవాల కదలికను చెప్పే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు అక్కడ భేషుగ్గా పనిచేస్తాయి. మారింది ఆ సమీకరణాల్లో ఏ పదం పెద్దది, ఏ పదం చిన్నది అన్నది మాత్రమే. మీ చిప్‌లో రెండు రంగులను కలపగలిగేది విసరణ ఒక్కటే, అంటే అణువులు వాటంతట అవే అటూ ఇటూ తిరుగుతూ వ్యాపించడం. దానికి కావలసినంత టైము మీరు ఇవ్వడం లేదు. స్పీడు పెంచినప్పుడు ఆ ఇచ్చే కాస్త టైమూ తగ్గిపోతోంది. కాబట్టి స్పీడు పెంచకండి, తగ్గించండి. మొత్తం నిమిషానికి 1 మైక్రోలీటరుకు దించి చూడండి, చివరికి వచ్చేసరికి రంగు చాలావరకు ఒకటైపోతుంది. ఇక పంపు ఆపాక కనిపించిన కదలిక జడత్వం వల్ల కాదు. మీ సిరంజి, ట్యూబుల లైనులో ఎక్కడో గాలి బుడగ ఉంది. దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన భాగం అదే.

మీ చిప్ లెక్క

ఈ రంగంలో ఎవరు ఏ ప్రశ్నతో వచ్చినా నేను ముందు కొలతలు అడుగుతాను. కొలతలు చెబితే సగం జవాబు వాళ్ళకే దొరుకుతుంది. మీరు అడక్కుండానే ఇచ్చారు, సంతోషం.

చానెల్ అడ్డుకోత 200 × 50 మైక్రాన్లు. నిమిషానికి 10 మైక్రోలీటర్లు అందులోంచి పోవాలంటే సగటు వేగం సెకనుకు సుమారు 17 మిల్లీమీటర్లు. ఇప్పుడు రేనాల్డ్స్ సంఖ్య కట్టండి, స్నిగ్ధతతో పోలిస్తే జడత్వం ఎంత పెద్దదో చెప్పే సంఖ్య ఇది: సాంద్రతను వేగంతో, చానెల్ సైజుతో గుణించి స్నిగ్ధతతో భాగించాలి. మీ దీర్ఘచతురస్రపు చానెల్‌కు సమానమైన వ్యాసం 80 మైక్రాన్లు. అన్నీ వేస్తే 1.3 వస్తుంది.

ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో గాజు గొట్టంలో నీళ్ళ మధ్య రంగు దారం లాంటి ధారను వదిలి చూశాడు. నెమ్మదిగా పోతున్నప్పుడు ఆ దారం తిన్నగా ఉంది, వేగం ఒక హద్దు దాటాక చెదిరి గొట్టమంతా నిండిపోయింది. గొట్టాల్లో ఆ హద్దు రేనాల్డ్స్ సంఖ్య దాదాపు 2000 దగ్గర వస్తుంది. మీరున్నది 1.3 దగ్గర. స్పీడు రెట్టింపు చేస్తే 2.6 అవుతుంది, పదింతలు చేస్తే 13. హద్దుకు ఇంకా చాలా దూరం.

మరీ పట్టుదలగా 2000కు చేరాలనుకుంటే మీ చానెల్‌లో నీళ్ళు సెకనుకు 25 మీటర్ల వేగంతో పోవాలి, అంటే గంటకు 90 కిలోమీటర్లు. దానికి కావలసిన పీడనం తక్కువలో తక్కువ 40 అట్మాస్ఫియర్లు దాటుతుంది. పీడీఎంఎస్, గాజు మధ్య అతుకు కొద్ది అట్మాస్ఫియర్లకే ఊడిపోతుంది. కాబట్టి మీ చిప్‌లో టర్బులెన్స్ (సుడులతో చెదిరిపోయే ప్రవాహం) అన్న మాటే మర్చిపోండి.

మనం చేత్తో కలిపే నీళ్ళలాంటి ద్రవాలు నిజానికి సుడుల వల్ల కలుస్తాయి. గ్లాసులో చెంచా తిప్పితే పెద్ద సుడి చిన్న సుడులుగా విడిపోతుంది, రంగు పలచని పొరలుగా సాగుతుంది, ఆ పొరల మధ్య మాత్రమే విసరణ ఆఖరి పని పూర్తి చేస్తుంది. విసరణ అన్నిచోట్లా ఉంటుంది కానీ పెద్ద పాత్రలో దాని పాత్ర మనకు కనపడదు. మీ చిప్‌లో సుడులు లేవు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా మొత్తం పని దాని మీదే పడింది.

ఆ పనికి ఎంత టైము పడుతుంది? అణువు తిరిగే దూరం టైముతో నేరుగా పెరగదు, టైము వర్గమూలంతో పెరుగుతుంది. అంటే దూరం రెట్టింపైతే టైము నాలుగింతలు. దూరం వర్గాన్ని విసరణ గుణకానికి (అణువులు ఎంత త్వరగా వ్యాపిస్తాయో చెప్పే సంఖ్యకు) రెట్టింపుతో భాగిస్తే టైము వస్తుంది. నీళ్ళలో చిన్న రంగు అణువులకు విసరణ గుణకం సెకనుకు దాదాపు 500 చదరపు మైక్రాన్లు అనుకోండి. మీ చానెల్‌లో ఒక్కో రంగు 100 మైక్రాన్ల వెడల్పు ఆక్రమించింది. 100 మైక్రాన్లు దాటడానికి సుమారు 10 సెకన్లు కావాలి. 3 సెంటీమీటర్ల చానెల్‌ను సెకనుకు 17 మిల్లీమీటర్ల వేగంతో దాటేస్తే మీరు ఇచ్చింది 1.8 సెకన్లు. అంతే తేడా.

ఆ 1.8 సెకన్లలో అణువులు గీతకు ఇటూ అటూ 40 మైక్రాన్ల మేర మాత్రమే జరుగుతాయి. కాబట్టి చిప్ చివర్లో మైక్రోస్కోపు కింద జాగ్రత్తగా చూస్తే గీత ఉన్న చోట ఊదా రంగు పట్టీ కనిపించాలి. రెండు దారులు కలిసే మొన దగ్గర గీత బ్లేడుతో కోసినట్టు ఉంటుంది, కిందికి పోయేకొద్దీ అది మసకబారుతూ విప్పారుతుంది. ఫోకస్ చానెల్ పైకప్పు దగ్గరికి, తర్వాత మధ్యకు జరిపి చూడండి. వీలుంటే ఒక్కో లోతును విడిగా చూపే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో చూస్తే ఇంకా మంచిది. పైకప్పు దగ్గర, అడుగు దగ్గర ఆ పట్టీ వెడల్పుగా ఉంటుంది, లోతు మధ్యలో సన్నగా ఉంటుంది. గోడల దగ్గర నీళ్ళు దాదాపు నిలబడి ఉంటాయి కాబట్టి అక్కడి అణువులకు పక్కకు జరగడానికి ఎక్కువ టైము దొరుకుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఇది చిప్‌లో లోపం అనుకుంటారు. లోపం కాదు, అలాగే ఉండాలి.

నిమిషానికి 1 మైక్రోలీటరుకు తగ్గిస్తే నీళ్ళు చానెల్‌లో 18 సెకన్లు ఉంటాయి. కావలసిన 10 సెకన్లకన్నా అది ఎక్కువే. అప్పుడు కూడా చివర్లో కొద్దిపాటి రంగు తేడా మిగలొచ్చు, ఎందుకంటే విసరణ ఒక క్షణంలో పూర్తయిపోయేది కాదు, తేడాను తగ్గించుకుంటూ పోతుంది. పూర్తిగా కలవాలంటే ఇంకో సగానికి తగ్గించండి, లేదా అదే చిప్ మీద చానెల్‌ను మెలికలు తిప్పి పొడవు పెంచండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ లెక్క చిన్న అణువులకు. మీ ప్రాజెక్టులో తర్వాత ప్రోటీన్ వాడే ఆలోచన ఉంటే లెక్క మళ్ళీ కట్టుకోవాలి. ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్ విసరణ గుణకం సెకనుకు 60 చదరపు మైక్రాన్ల దగ్గర ఉంటుంది, కాబట్టి అదే 100 మైక్రాన్లకు ఒక నిమిషం మీద ఇరవై సెకన్లు పడుతుంది. 10 మైక్రాన్ల కణం విసరణతో 100 మైక్రాన్లు జరగాలంటే ఒక రోజుకు పైనే కావాలి. రంగు నీళ్ళతో కలిసింది కదా అని కణాలతోనూ కలుస్తుందని అనుకోవద్దు. అయితే ఈ తేడాయే ఒక మంచి పరికరం కూడా. కణాలూ చిన్న అణువులూ కలిసి ఉన్న ద్రవాన్ని శుభ్రమైన నీళ్ళ పక్కన కొన్ని సెకన్లు నడిపి మళ్ళీ విడదీస్తే, చిన్న అణువులు అవతలికి దాటి ఉంటాయి, కణాలు ఇవతలే ఉండిపోతాయి. జల్లెడ లేకుండా వడపోత.

తక్కువ రేనాల్డ్స్ సంఖ్య దగ్గర జరిగేవి

జడత్వం లెక్కలోకి రాని చోట ప్రవాహానికి జ్ఞాపకం ఉండదు. ఈ క్షణం ఎంత తోస్తే ఈ క్షణం అంత కదులుతుంది, తోయడం ఆపితే ఆగుతుంది. భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ 1976లో ఇచ్చిన ప్రసంగంలో బ్యాక్టీరియా ఈత గురించి ఇదే లెక్క వేసి చూపించాడు: సెకనుకు 30 మైక్రాన్ల వేగంతో ఈదుతున్న బ్యాక్టీరియా ఉన్నట్టుండి ఈత ఆపేస్తే, అది జారుకుంటూ పోయే దూరం ఒక ఆంగ్‌స్ట్రామ్‌లో పదోవంతు. ఒక్క అణువు వ్యాసం కూడా కాదు. ఈ లెక్క నేను ఎంతమందికి చెప్పానో! ప్రతిసారీ ఎదుటివాళ్ళు కాగితం తీసుకుని సొంతంగా వేసి చూస్తారు.

జ్ఞాపకం లేకపోవడానికి ఇంకో ఫలితం ఉంది. ముందుకు వెనక్కు ఒకే దారిలో ఆడిస్తే నికరంగా ఏమీ జరగదు. ద్రవాల మీద పరిశోధన చేసిన జి.ఐ. టేలర్ ఒకదానిలో ఒకటి ఉన్న రెండు స్థూపాల మధ్య చిక్కటి ద్రవంలో రంగు చుక్క పెట్టి, ఒక స్థూపాన్ని తిప్పి రంగు మాయమయ్యేదాకా సాగదీసి, మళ్ళీ అన్నే చుట్లు వెనక్కు తిప్పాడు. చుక్క కొంచెం మసకబారి దాదాపు మొదటి ఆకారానికి తిరిగొచ్చింది. ఆ మసక అంతా విసరణే. మీలాంటి ప్రాజెక్టుల్లో కొందరు సిరంజిని ముందుకు వెనక్కు ఊపితే కలుస్తుందని ప్రయత్నిస్తారు. రెండు సిరంజిలూ ఒకే తాళంలో ఊగితే లాభం లేదు. ఒకటి ముందుకు పోతున్నప్పుడు ఇంకోటి ఆగి, వంతులవారీగా తోస్తే మాత్రం చానెల్‌లో ఎర్ర, నీలం ముక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, వాటి మధ్య హద్దులు పెరుగుతాయి, కలయిక బాగుపడుతుంది.

త్వరగా కలపాలంటే

స్పీడు తగ్గించే వీలు లేని సందర్భాలుంటాయి. రసాయన చర్య వేగంగా జరిగేదైతే 10 సెకన్లు ఆగలేరు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, అణువు దాటాల్సిన దూరం తగ్గించడం. టైము దూరం వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ కొద్ది తగ్గింపుకు పెద్ద లాభం.

రెండు పొరల బదులు ప్రతి రంగునూ నాలుగు సన్నటి పొరలుగా చీల్చి ఒకదాని పక్కన ఒకటి పేర్చితే ఒక్కో పొర నాలుగో వంతవుతుంది, టైము పదహారో వంతుకు పడిపోతుంది. ఇంకో దారి, మధ్యలో పోయే ధారను రెండు పక్కల నుంచి నొక్కి సన్నం చేయడం. సన్నబడ్డ ధార ఒక మైక్రాను కన్నా తక్కువైతే కలయిక మిల్లీసెకన్ల కన్నా తక్కువలో అయిపోతుంది. మూడోది, నూనెలో చుక్కలుగా కోయడం. చుక్క మెలికల చానెల్‌లో పోతుంటే దాని లోపల నీళ్ళు గిరగిరా తిరిగి పొరలు మడతపడతాయి.

నాకు బాగా నచ్చేది చానెల్ అడుగున చేపముల్లు ఆకారంలో గాడులు చెక్కడం. 2002లో స్ట్రూక్, వైట్‌సైడ్స్ బృందం దీన్ని ప్రచురించింది. గాడులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి అడుగున నీళ్ళు పక్కకు జరుగుతాయి, పైన తిరిగొస్తాయి, ముందుకు పోతూ పోతూ మెలి తిరుగుతాయి. కొంత దూరానికి ఒకసారి గాడుల మొన ఇటునుంచి అటు మారుస్తారు. దాంతో పిండి పిసికేటప్పుడు సాగదీసి మడిచినట్టే పొరలు సాగి మడతపడి సన్నబడుతూ పోతాయి. కదిలే భాగం ఒక్కటీ లేదు, ప్రవాహం ఇంకా లామినారే (సుడులు లేకుండా పొరలుగా సాగేదే), అయినా కలుస్తుంది. మామూలు చానెల్‌లో స్పీడు పదింతలైతే కావలసిన పొడవూ పదింతలు అవుతుంది. ఇందులో పొడవు లాగరిథమ్‌లాగా మెల్లగా పెరుగుతుంది. చిప్ పోత పోసే అచ్చును రెండు అంతస్తులుగా చేసుకోగలిగితే మీ ప్రాజెక్టుకు ఇదే సరైన తరువాతి మెట్టు.

పంపు ఆపినా ఆగని ప్రవాహం

ఇప్పుడు మీ రెండో సంగతి. రేనాల్డ్స్ సంఖ్య చిన్నదైతే ఆపగానే ఆగాలి కదా, మరి ఎందుకు ఆగలేదు అన్న మీ అనుమానం చాలా సరైనది. 50 మైక్రాన్ల లోతున్న చానెల్‌లో తోసే బలం పోయాక నీళ్ళ కదలిక చచ్చిపోవడానికి పట్టే టైము మిల్లీసెకనులో నాలుగో వంతు. మీరు చూసింది ఒక నిమిషం పైనే అన్నారు. అంటే నీళ్ళను ఇంకా ఏదో తోస్తోంది.

నా దగ్గరికి ఇదే ఫిర్యాదుతో వచ్చినవాళ్ళ దగ్గర దాదాపు ప్రతిసారీ దొంగ ఒకటే: సిరంజిలో పిస్టన్ రబ్బరుకు అంటుకుని దాక్కున్న గాలి బుడగ. లేకపోతే ట్యూబు, సూది కలిసే చోట ఉంటుంది. పంపు తోసినప్పుడు బుడగ నలుగుతుంది, పంపు ఆపాక మెల్లగా విప్పారుతూ నీళ్ళను తోస్తూనే ఉంటుంది.

ఎంతసేపు తోస్తుందో కూడా లెక్క కట్టొచ్చు. మీ చానెల్‌లో నిమిషానికి 10 మైక్రోలీటర్లు పోవడానికి కావలసిన పీడనం సుమారు 2,850 పాస్కల్, అంటే దాదాపు 29 సెంటీమీటర్ల నీటి మట్టం. ఈ పీడనాన్ని ప్రవాహంతో భాగిస్తే వచ్చేది చానెల్ నిరోధం. సిరంజిలో 100 మైక్రోలీటర్ల బుడగ ఉందనుకోండి, మామూలు గాలి పీడనం దగ్గర అది ఎంత నలుగుతుందో దాని కెపాసిటెన్స్. ఎలక్ట్రికల్ సర్క్యూట్‌లో రెసిస్టరు, కెపాసిటరు గుణించినట్టే ఈ రెండూ గుణిస్తే 17 సెకన్లు వస్తుంది. ప్రవాహం పూర్తిగా తగ్గడానికి దానికి మూడు నాలుగింతలు, అంటే ఒక నిమిషం. మీరు చూసిన టైముకు సరిపోయింది కదా. పంపు మొదలుపెట్టినప్పుడు కూడా అంతే ఆలస్యం అవుతుంది, మీరు గమనించి ఉండకపోవచ్చు. స్పీడు మార్చిన వెంటనే ఫోటో తీస్తే మీరు రాసుకున్న స్పీడు ఒకటి, చానెల్‌లో ఉన్న స్పీడు ఇంకోటి.

బుడగ లేకుండా చూసుకోవడానికి నీళ్ళను ముందే వాక్యూమ్‌లో పెట్టి లోపల కరిగిన గాలి తీసేయండి, సిరంజిని నిలువుగా పట్టుకుని తట్టి బుడగ మూతి దగ్గరికి రప్పించి బయటికి నెట్టండి, మెత్తటి ట్యూబు బదులు గట్టి ట్యూబు పొట్టిగా వాడండి. పీడీఎంఎస్ కూడా మెత్తనిదే, పీడనానికి చానెల్ పైకప్పు కొద్దిగా ఉబ్బుతుంది. మీ పీడనాల దగ్గర ఆ భాగం చిన్నది.

ఇంకో దొంగ బయటికి పోయే ట్యూబు కొస. అక్కడ చుక్క వేలాడుతూ ఉంటే దాని తలతన్యత వెనక్కు తోస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న చుక్క లోపల పీడనం బయటికన్నా 144 పాస్కల్ ఎక్కువ. నిమిషానికి 1 మైక్రోలీటరు దగ్గర మీ చానెల్‌కు కావలసిన మొత్తం పీడనం 285 పాస్కలే. అంటే చుక్క పెరిగి రాలినప్పుడల్లా అందులో సగం పీడనం ఊగుతుంది. లైనులో మెత్తదనం ఏ కాస్త ఉన్నా ఆ ఊగిసలాట ప్రవాహంలో కనిపిస్తుంది. మందు సులువు: ట్యూబు కొసను చిన్న గిన్నెలో నీళ్ళలో ముంచి ఉంచండి. స్పీడు తగ్గించి చూడమన్నాను కాబట్టి ఇది తప్పకుండా చేయండి. పెద్ద సిరంజి కూడా వద్దు. నిమిషానికి అర మైక్రోలీటరు తోయడానికి పెద్ద సిరంజి పిస్టన్ అసలు కదులుతుందా లేదా అన్నట్టుంటుంది, మోటారు ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ప్రవాహం కుదుపుతుంది. ఒక మిల్లీలీటరు లేదా అంతకన్నా చిన్న సిరంజి వాడండి.

లోతు విషయంలో అశ్రద్ధ వద్దు

మీ లెక్కలన్నీ 50 మైక్రాన్ల లోతు మీద నిలబడి ఉన్నాయి. దాన్ని మీరు కొలిచారా, లేక అచ్చు తయారీ షీటులో ఉన్నది రాశారా? పల్చటి చానెల్‌లో నిరోధం లోతు ఘనంతో మారుతుంది. గుండ్రటి గొట్టానికైతే వ్యాసార్ధం నాలుగో ఘాతంతో మారుతుంది, అది హాగెన్, పోయిజయ్ 19వ శతాబ్దం మధ్యలోనే కనుక్కున్న సంగతి. పోయిజయ్ వైద్యుడు, రక్తం సన్నటి నాళాల్లో ఎలా పోతుందో తెలుసుకోవాలని సన్నటి గాజు గొట్టాలతో మొదలుపెట్టాడు. మీ చిప్‌లో లోతు 50 కాక 25 అయితే అదే ప్రవాహానికి పీడనం ఏడింతలు దాటుతుంది. 45 అయినా మూడో వంతు దాకా తేడా వస్తుంది. ఒక బ్యాచ్ చిప్‌లు బాగా పనిచేసి తర్వాతి బ్యాచ్ మొండికేసిందని వచ్చినవాళ్ళను నేను ముందు అడిగేది ఇదే. ఉపరితలం ఎత్తుపల్లాలు కొలిచే ప్రొఫైలోమీటరుతో అచ్చు ఎత్తు కొలవండి, లేదా ఒక చిప్‌ను అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద చూడండి.

సమీకరణాలు ఎక్కడ పనికిరావు?

మీ స్నేహితుడు చిన్న చోట్ల నీళ్ళు చిక్కబడతాయని అన్నాడన్నారు. 50 మైక్రాన్ల దగ్గర అది తప్పు. నీటి అణువు 0.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మీ చానెల్ లోతులో లక్షన్నర అణువులు పేర్చొచ్చు. నీళ్ళను ఒక అవిచ్ఛిన్న పదార్థంగా చూడడానికి ఇది బోలెడు. కొన్ని నానోమీటర్ల దాకా కూడా మామూలు స్నిగ్ధతతో లెక్క బాగానే సరిపోతుంది. అంతకన్నా కిందికి దిగితే అణువులు గోడ పక్కన పొరలుగా సర్దుకోవడం, గోడ మీద జారడం లెక్కలోకి వస్తాయి. మన శరీరంలో ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ రంధ్రంలో నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుసలో పోతాయి, సెకనుకు వంద కోట్ల లెక్కలో. దాన్ని కనుక్కున్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అక్కడ పోయిజయ్ సూత్రానికి అర్థం లేదు.

గోడ దగ్గర నీళ్ళు కదలవు అన్న నియమం గురించి కూడా చెప్పాలి. నీళ్ళు అంటని గోడల మీద కొద్దిగా జారతాయి, జారుడు పొడవు (గోడ వెనక ఎంత లోతున వేగం సున్నా అయినట్టు లెక్కకు వస్తుందో ఆ దూరం) నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల దాకా కొలిచారు. 20 నానోమీటర్ల జారుడు మీ 50 మైక్రాన్ల చానెల్‌లో ప్రవాహాన్ని పావు శాతం మారుస్తుంది, మీ పంపుకున్న తప్పే అంతకన్నా ఎక్కువ. అదే జారుడు 100 నానోమీటర్ల సందులో ప్రవాహాన్ని రెట్టింపు దాటిస్తుంది.

గాలి సంగతి వేరు. మామూలు పీడనం దగ్గర గాలి అణువు ఇంకోదాన్ని గుద్దుకునే లోపు సుమారు 70 నానోమీటర్లు పోతుంది. ఒక మైక్రాను చానెల్‌లోనే గాలి గోడ మీద జారడం లెక్కపెట్టాల్సి వస్తుంది. ద్రవాలకు నానోమీటర్ల దగ్గర వచ్చే చిక్కు వాయువులకు మైక్రాను దగ్గరే వస్తుంది.

మీ చిప్‌కు నిజంగా వర్తించే మినహాయింపులు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, రక్తం లాంటి ద్రవాలు. ఎర్ర కణం 8 మైక్రాన్లు ఉంటుంది, 50 మైక్రాన్ల చానెల్‌లో కణాలు మధ్యకు చేరి గోడల దగ్గర పల్చటి ప్లాస్మా మిగులుతుంది, రక్తం పెద్ద గొట్టంలోకన్నా పల్చగా ఉన్నట్టు ప్రవహిస్తుంది. ఫారియస్, లిండ్‌క్విస్ట్ 1931లో చూపించింది ఇదే. మీ స్నేహితుడు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం! రెండు, స్పీడు బాగా పెంచి రేనాల్డ్స్ సంఖ్య పదులు, వందల్లోకి పోతే, టర్బులెన్స్ రాకపోయినా జడత్వం లెక్కలోకి వస్తుంది. వంపుల్లో అడ్డంగా సుడులు పుడతాయి, కణాలు చానెల్‌లో ఒక చోట వరుస కడతాయి. చిన్న చానెల్ అంటే ఎప్పుడూ స్టోక్స్ ప్రవాహమే (జడత్వం లెక్కలోకి రాని ప్రవాహమే) అని రాసేయకండి, మీ సంఖ్య కట్టి రాయండి.

గోడల విద్యుదావేశం గురించి ఒక్క మాట. గాజు, నీళ్ళు తగిలిన చోట గోడ మీద ఆవేశం చేరి, నీళ్ళ వైపు వ్యతిరేక ఆవేశపు పలచని పొర ఏర్పడుతుంది. ఉప్పు తక్కువున్న నీళ్ళలో ఆ పొర పదుల నానోమీటర్లు, ఉప్పు ఎక్కువైతే ఒక నానోమీటరు. సిరంజి పంపుతో నడిపేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. చానెల్ పొడవునా సెంటీమీటరుకు 100 వోల్టులు పెడితే మాత్రం ఆ పొర కదిలి మొత్తం నీళ్ళను సెకనుకు మిల్లీమీటరులో మూడో వంతు వేగంతో లాక్కుపోతుంది. చానెల్ సన్నబడినా, ఆ పొరకన్నా బాగా పెద్దదిగా ఉన్నంతవరకు ఈ వేగం తగ్గదు, అందుకే మరీ సన్నటి చానెళ్ళలో పీడనం కన్నా కరెంటుతో తోయడం సులువు.

ఇప్పుడు చేయాల్సింది

మీ రిపోర్టులో "ద్రవాలు కలవలేదు" అని రాసి వదిలేయకండి. మీ చేతిలో ఉన్నది విసరణ గుణకం కొలిచే మంచి పరికరం. బుడగలు తీసి, ట్యూబు కొస ముంచి, ఒక స్పీడు మార్చినప్పుడల్లా రెండు మూడు నిమిషాలు ఆగి, వై మొన నుంచి 5, 10, 20, 28 మిల్లీమీటర్ల దగ్గర ఒకే వెలుతురులో ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోలో చానెల్‌కు అడ్డంగా రంగు తీవ్రత గ్రాఫు గీసి, మసక పట్టీ వెడల్పు కొలవండి. దాని వర్గాన్ని, మొన నుంచి దూరాన్ని వేగంతో భాగించిన టైమును గ్రాఫు మీద పెట్టండి. తిన్నటి గీత రావాలి. దాని వాలే మీ రంగు విసరణ గుణకాన్ని చెబుతుంది. మూడు స్పీడుల దగ్గర చేస్తే మూడు సెట్ల చుక్కలూ ఒకే గీత మీద పడాలి. పడకపోతే ముందు లోతు, తర్వాత బుడగ అనుమానించండి. గ్రాఫు వచ్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.